పాతికడుగుల మేస్త్రి

మా ఆయనను ఇక్కడ ఎవరూ పేరు పెట్టి పిలవరు. పాతికడుగుల మేస్త్రి అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట విని, ఇదేదో ఆయన పొట్టితనం మీద వేళాకోళం కాబోలని ఉడుక్కున్నాను. మనిషి చూస్తే ఐదడుగుల రెండంగుళాలే. తీరా షాపులోకి అడుగు పెట్టాక సంగతి తెలిసింది. లోపలి గోడ మీద ఎర్ర రంగుతో, జానెడేసి అక్షరాలతో ఇలా రాసి ఉంది: ‘పాతిక అడుగులు దాటితే నన్ను అడగొద్దు.’

రాసింది మా మామగారు. మాది పంపుల రిపేరు షాపు. బావిలో నీటిమట్టానికీ, పైన బిగించే పంపుకీ మధ్య ఎత్తు పాతిక అడుగులు మించకూడదని ఆ రాతకు అర్థం. మించితే మోటారు తిరుగుతుంది, అరుస్తుంది, వేడెక్కుతుంది, నీళ్ళు మాత్రం రావు. అప్పుడు పంపును కిందికి, నీటికి దగ్గరగా దించాల్సిందే. ఎందుకని ఎవరైనా అడిగితే మామగారు చెప్పిన జవాబునే ఈయనా అప్పజెప్పేవాడు. "మోటారు లాగే బలం అంతవరకే. ఎంత పెద్ద మోటారైనా దాని గొంతు అంతే." ముప్పై ఏళ్ళుగా ఆ మాట మీదే బతికాడు. ఆయన మాట విని పంపు దించుకున్నవాళ్ళకు నీళ్ళు రాకుండా పోలేదు. ఇంకేం, అది ఆయనకు వేదవాక్కు అయి కూర్చుంది.

అదే షాపులో నాది వైండింగ్ పని. కాలిపోయిన మోటారులోంచి మాడిన తీగ పీకేసి, కొత్త రాగితీగ కాయిళ్ళుగా చుట్టి, గాడుల్లో దించి, వార్నిష్ పోసి ఆరబెడతాను. చుట్లు లెక్కపెట్టుకుంటూ చుట్టాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే నా నోరు మంచిది కాదు. మా ఆయన కోపం ముక్కు మీద ఉంటుంది, నాది నాలుక మీద. ఇద్దరం ఒకే గదిలో ఇన్నేళ్ళు పని చేశామంటే ఆ గోడలకు దండం పెట్టాలి.

మా ఇద్దరి మధ్య పెరిగింది మా ఆడపడుచు కూతురు. వాళ్ళ అమ్మానాన్నలు రోడ్డు పనుల వెంట ఊళ్ళు తిరుగుతుంటే చదువు పాడవుతుందని, పదో ఏట మా దగ్గర వదిలారు. స్కూలు వదలగానే వాళ్ళ మామయ్య బండెక్కి బావుల దగ్గరికి పోయేది. ఆయన పంపు విప్పి, గొట్టం అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు బాగుచేస్తుంటే ఇది పొలంలో తిరిగేది. వచ్చేటప్పుడు చిన్న చిన్న కవర్లలో మట్టి మూటకట్టి తెచ్చేది. ఏ మట్టి ఎక్కడిదో చీటీలు రాసి కిటికీ గట్టు మీద వరసగా పేర్చేది. "ఇదేం పిచ్చే, బంగారం ఏమైనా దొరుకుతుందా?" అంటే, "అత్తయ్యా, మామయ్య నీళ్ళు పైకి తెచ్చి వదిలేస్తాడు. ఆ తర్వాత ఆ నీళ్ళు ఏమవుతాయో ఎవరికీ పట్టదేం?" అనేది. పదమూడేళ్ళ పిల్ల ఆ మాట అంటే నేను నోరెళ్ళబెట్టాను.

అలాంటి పిల్ల వ్యవసాయ కళాశాలలో చేరాలనుకోవడంలో వింత లేదు. ప్రవేశ పరీక్ష రాసింది. మొదటిసారి దరిదాపుల్లోకి కూడా రాలేదు. రెండోసారి ఒక్కటంటే ఒక్క మార్కుతో సీటు పోయింది. మొక్కల శాస్త్రంలో దానికి తిరుగులేదు, రసాయనశాస్త్రం ఫరవాలేదు, భౌతికశాస్త్రం దగ్గరే బోర్లా పడేది. ఇక మిగిలింది మూడోసారి. అదే ఆఖరు. వచ్చే ఏడాదికి ఆ కాలేజీ పెట్టిన వయసు దాటిపోతుంది. ఈసారి రాకపోతే ఆ మట్టి మూటలన్నీ పారబోసుకోవడమే. పిల్ల ఆ మాట పైకి అనలేదు గానీ, కిటికీ వైపు చూడటం మానేసింది.

మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా షాపులోనే చదువు. చెక్కపెట్టె బోర్లించి దాని మీద కూర్చునేది. ప్రశ్నలు పైకి చదివితే గానీ బుర్రకెక్కవట. నేను కాయిలు చుడుతూ ఉండేదాన్ని. నలభై ఒకటి, నలభై రెండు, ఘర్షణ గుణకం, నలభై నాలుగు. ఎన్ని కాయిళ్ళు విప్పి మళ్ళీ చుట్టానో ఆ రాగితీగకే తెలుసు.

మా ఆయన ఊరుకుంటేగా! ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాల్సిందే.

"తులాదండం అంటే ఏంటే?"

"గడ్డపారతో బండ లేపుతావే, అదే మామయ్యా."

"ఓస్, అంతేనా? దానికింత పేరెందుకు?"

బేరింగును వేడి నూనెలో ముంచి ఇరుసుకు ఎక్కిస్తాడు, చల్లారాక సుత్తితో కొట్టినా రాదు. అది వ్యాకోచమట. గొలుసు కప్పీతో ఒక్కడే మోటారు పైకెత్తుతాడు. దానికీ ఒక సూత్రముందట. పిల్ల ఒక్కోటి చెబుతుంటే ఈయన ఛాతీ రోజురోజుకూ వెడల్పయింది. "చూశావటే, నేను ముప్పై ఏళ్ళుగా భౌతికశాస్త్రం చేస్తున్నాను, నువ్వు గుర్తించలేదు," అని నా మీదికి వచ్చేవాడు. "గుర్తించాను లెండి, డిగ్రీ గోడకు తగిలించలేదంతే," అన్నాను. నిజం చెప్పాలంటే, పదిహేను రోజుల్లోనే పిల్లకు మార్కులు పెరిగాయి. నమూనా పరీక్షల్లో నలభైకి పందొమ్మిది దగ్గర కొట్టుకునేది ఇరవై ఆరుకు వచ్చింది. సూత్రాలు పనిముట్లలా చేతికి దొరికేవి. నేను లోలోపల మొక్కుకున్నాను.

అలా ఉండగా ఒకరోజు గాడుల్లో పెట్టే కాగితం కోసం పిల్ల పుస్తకాల కింద వెతుకుతుంటే నిరుటి ప్రశ్నపత్రం దొరికింది. నిజం పరీక్షది. జవాబులకు పెన్సిలుతో టిక్కులు. ఎక్కడ తప్పిందో చూద్దామని తిప్పాను. ఒక ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. ‘నేల మీద ఉన్న పంపు నడుస్తున్నప్పుడు బావిలో నీటిని గొట్టంలోకి ఎక్కించే బలం ఏది?’ పిల్ల ‘మోటారు లాగే బలం’ అన్నదానికి టిక్కు పెట్టింది. తర్వాత ఎప్పుడో ఎర్ర సిరాతో ‘వాతావరణ పీడనం’ అన్నదాని చుట్టూ సున్న చుట్టింది. లెక్కలు చేసుకోవడానికి వదిలిన ఖాళీలో, పరీక్షహాల్లో రాసిన పెన్సిలు అక్షరాలు, చిన్నవి: ‘పుస్తకంలో గాలి అని ఉంది. మామయ్య అబద్ధం చెప్పడు.’

దాచేద్దామని చూశాను. అప్పటికే ఆయన నా వెనక నిలబడి చదువుతున్నాడు. ఆయన చదవడం నిదానం, వేలు పెట్టి చదువుతాడు. వేలు ఆ చివరి మాట దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

పిల్ల వచ్చేసరికి భగ్గుమన్నాడు. "ఏంటిది? ఈ ఒక్క మార్కేనా పోయింది?"

అది తల వంచుకుంది. "వదిలెయ్ మామయ్యా. అయిపోయిందేదో అయిపోయింది."

"ఏడాది నుంచి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి?"

"పుస్తకం తప్పని చెప్పేవాణ్ణి! గాలి తోస్తుందట గాలి! ఉఫ్‌మని ఊదితే పోయే గాలి బావిలో నీళ్ళు పైకి తోస్తుందా? మరి మోటారెందుకు, తీసి అవతల పారేద్దాం!"

పిల్ల మెల్లగా చెప్పింది. మోటారు చేసేదల్లా గొట్టంలోని గాలిని బయటికి పంపడమేనట. లోపల గాలి లేనప్పుడు, బయట బావి నీటి మీద కూర్చున్న గాలి తన బరువుతో నీళ్ళను గొట్టంలోకి తోస్తుందట. ఎంత తోసినా పది మీటర్ల పైచిలుకే, అంటే ముప్పై నాలుగు అడుగులట. ఆ పైన ఎవరు లాగినా రాదట.

"మోటారుకు గొంతు చాలకే రాదు," అన్నాడు ఈయన.

"కాదు మామయ్యా."

"సరే. మోటారు తీసేద్దాం. గొట్టం నిండా నీళ్ళు పోసి, పై మూతి బిగించి, కింది మూతి బకెట్లో ముంచి, నేను చేత్తో లాగుతాను. మేడ మీదికి. నా చేతికి ఆ గొంతు హద్దు లేదు కదా? పది మీటర్లు దాటి నీళ్ళు పైకొస్తే నీ పుస్తకం తప్పు. రాకపోతే..." అక్కడ ఆగిపోయాడు. రాకపోతే ఏమిటో ఆయన నోట రాలేదు.

పరీక్ష పదహారు రోజుల్లో ఉంది. "పిల్లని చదువుకోనివ్వకుండా ఈ పంతాలేంటండీ!" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవరు వింటారు? మామకు మొండితనం, మేనకోడలికి మొండితనం. ఆదివారం తాడో పేడో తేలాలన్నారు.

మా షాపు ఒక మూడంతస్తుల మేడ కింద ఉంది. మెట్ల మధ్య కింది నుంచి పైదాకా ఖాళీ. ఆ ఖాళీలోంచి మొదటి ఆదివారం మామూలు రబ్బరు గొట్టం లాగారు. ఇరవై అడుగులు ఎక్కిందో లేదో, గొట్టం పై భాగం దానంతటదే చప్పిడి అయిపోయింది. ఎవరో రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కినట్టు, రిబ్బనులా అతుక్కుపోయింది. మా ఆయన పైనుంచి అరిచాడు. "ఎవర్రా గొట్టం నొక్కింది?"

ఎవరూ నొక్కలేదు. మొదటి అంతస్తులో ఉండే టైలరు ఒక్కడే తలుపు తీసి చూస్తున్నాడు. "ఏం మేస్త్రీ, బిల్డింగుకు సెలైన్ ఎక్కిస్తున్నారా?" అన్నాడు. మా ఆయనకు నవ్వు రాలేదు. కిందికొచ్చి ఆ నలిగిన గొట్టాన్ని వేళ్ళతో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు.

రెండో ఆదివారం, పరీక్షకు ఆరు రోజుల ముందు, మంచి గొట్టం తీశాడు. లోపల ఉక్కు తీగ చుట్టలు ఉన్న, అవతలి వస్తువు కనబడే గొట్టం. నలభై అడుగులు. బలంగా పట్టి నొక్కినా నలగదు. పొద్దున్నే వీధిలో పరిచి, ఒక కొస నుంచి నీళ్ళు పోస్తూ, తట్టి తట్టి ఒక్క బుడగ లేకుండా తరిమాడు. రెండు కొసలకూ వాల్వులు బిగించాడు. ఆ బిగింపు చూడాలి. ముప్పై ఏళ్ళ పనితనం అంతా ఆ రెండు జాయింట్లలో పెట్టాడు. తను ఓడిపోతాడేమోనని భయపడుతున్న మనిషి, పందెం తేలకుండా జాయింటు వదులుగా పెట్టొచ్చు, గాలి దూరనివ్వొచ్చు, ఎవరికీ తెలియదు. పెట్టలేదు. అది చూసి నాకు ఆయన మీద ఉన్న పాత కోపాలు సగం పోయాయి.

కింద పిల్ల, బకెట్టూ టేపూ పట్టుకుని. మేడ మీద కప్పీ, తాడు, మా ఆయన. మూడో అంతస్తు మెట్ల మలుపులో నేను. కింది వాల్వు నీళ్ళలో ముంచి తెరిచింది పిల్ల. "లాగు మామయ్యా!"

గొట్టం పైకి రావడం మొదలుపెట్టింది. మొదటి అంతస్తు దాటింది, నిండుగా. రెండోది దాటింది, నిండుగా. మా ఆయన పైనుంచి, "వస్తోందా?" అన్నాడు. "వస్తోందండీ!" అన్నాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో ఆయనే గెలవాలని కోరుకున్నాను. గొట్టం తల నా ముందుకొచ్చింది, నా తల దాటింది, పైకి పోయింది. అప్పుడు చూశాను. గొట్టం పోతోంది, నీళ్ళు రావడం లేదు. నా మోకాలికి కొంచెం పైన నీళ్ళ అంచు ఆగిపోయింది.

"ఆగిపోయిందండీ!"

"ఇంకా లాగుతున్నా చూడు!"

లాగాడు. గొట్టం మీద అచ్చేసిన అక్షరాలు ఒక్కొక్కటే నా కళ్ళ ముందు నుంచి పైకి వెళ్ళిపోతున్నాయి. నీళ్ళ అంచు మాత్రం గీత గీసినట్టు అక్కడే. దాన్ని ఎవరో చేత్తో పట్టుకున్నట్టు ఉంది. నేను మెట్టు మీద కూలబడి మొహం దగ్గరగా పెట్టి చూశాను. ఆ అంచు దగ్గర నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. కింద నుంచి బుడగలు పొర్లుకొస్తున్నాయి. పొయ్యి లేదు, మంట లేదు. "ఏమండీ! నీళ్ళు కాగుతున్నాయండీ!" అని కేక పెట్టాను. భయపడుతూ గొట్టం మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నా వయసులో చాలా చూశాను గానీ, చల్లటి నీళ్ళు మరగడం చూడలేదు.

ఆయన తాడు కట్టేసి గబగబా దిగి వచ్చాడు. కింద నుంచి పిల్ల రొప్పుతూ ఎక్కి వచ్చింది. ముగ్గురం ఆ గొట్టం చుట్టూ చేరాం.

"ఈ నీళ్ళ పైన ఏముంది?" అన్నాడు ఆయన. గొంతు తగ్గిపోయింది, గుళ్ళో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు.

"ఏమీ లేదు మామయ్యా. కొంచెం నీటి ఆవిరి, అంతే."

"గాలి?"

"దాదాపు లేదు. దాన్ని నువ్వే లేకుండా చేశావు."

ఆ ఏడడుగుల ఖాళీని ఆయన అలా చూస్తూ ఉండిపోయాడు. టేపు పెట్టి పిల్ల కొలిచింది. బకెట్లో నీటి నుంచి ఈ అంచుదాకా ముప్పై ఒకటిన్నర అడుగులు. పుస్తకం చెప్పినదానికన్నా రెండడుగుల పైచిలుకు తక్కువ. మన ఊరు సముద్రం కన్నా ఎత్తున ఉండటం వల్ల కొంత, ఆవిరి వల్ల, నీళ్ళలోంచి వచ్చిన గాలి వల్ల కొంత అట.

"మరి ఇంత నీళ్ళను పట్టుకుని నిలబెట్టింది ఎవరు?"

"రా, చూపిస్తాను." చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళింది. బకెట్టు దగ్గర కూర్చోబెట్టింది. "ఇదిగో, ఈ బకెట్లో నీళ్ళ మీద ఉన్న గాలి. ఇక్కణ్ణుంచి ఆకాశం దాకా ఉన్నది మొత్తం. దాని బరువే."

"ఎంతుంటుంది?"

"బొటనవేలి గోరంత చోట ఒక కిలో."

ఆయన తన బొటనవేలు చూసుకున్నాడు. తర్వాత తల తడుముకున్నాడు. "మరి నా నెత్తి మీద?"

"మూడు నాలుగు వందల కిలోలు ఉంటుంది మామయ్యా."

"నలిగిపోనేం?"

"నీ లోపల నుంచీ అంతే బలంతో తోస్తూ ఉంటుంది. అందుకని తెలియదు. పోయినసారి గొట్టంలో లోపల నుంచి తోసేవాళ్ళు లేరు, అందుకే నలిగింది."

నాకు ఏడుపొచ్చింది. ఎందుకో సరిగ్గా చెప్పలేను. పుట్టినప్పటి నుంచి ఇంత బరువు మోస్తూ, కాయిళ్ళు చుడుతూ, మొగుడితో పోట్లాడుతూ తిరుగుతున్నానా అనిపించింది. వీధిలో పోయేవాళ్ళను చూశాను. టైలరును చూశాను. అందరి నెత్తి మీదా ఆకాశం అంత పొడుగు గాలి, ఎవరూ వంగి నడవడం లేదు.

మా ఆయన బకెట్టు మీద అరచెయ్యి పెట్టి, నీళ్ళకు తగలకుండా, ఆ గాలిని నిమిరాడు. "నేను ముప్పై ఏళ్ళలో ఒక్క చుక్క కూడా లాగలేదన్నమాట," అన్నాడు. "అంతా ఇదే చేసింది. పేరు నాకొచ్చింది." తర్వాత పిల్ల వైపు తిరిగాడు. ఆయన తప్పు ఒప్పుకోవడం నేను పెళ్ళయ్యాక చూసింది అప్పుడే. "తప్పు నాది తల్లీ. నీ మార్కు నేను తినేశాను."

"నువ్వు చెప్పిన లెక్క తప్పు కాదు మామయ్యా," అంది అది, కళ్ళు తుడుచుకుంటూ. "నీళ్ళు గొట్టంలో పరిగెత్తాలి, మలుపులు తిరగాలి, జాయింట్లలో కొంచెం గాలి దూరుతుంది. అవన్నీ పోగా మిగిలేది పాతికే. తాతయ్య సరిగ్గానే రాశాడు. కారణం ఒక్కటే తెలియలేదు."

ఆ మాటతో కొంచెం తేరుకున్నాడు. గొట్టం దించడానికి మళ్ళీ మేడ ఎక్కాడు. ఎక్కినవాడు దిగడే! నేను వెళ్ళి చూద్దును గదా, పిట్టగోడ పట్టుకుని వీధి చివర కట్టెల డిపోలో ఉన్న నీలగిరి చెట్టును చూస్తున్నాడు. అది మా మేడ కన్నా ఎత్తు, డెబ్బై అడుగులకు తక్కువ ఉండదు.

"అమ్మాయ్, ఇలా రా! ముప్పై రెండడుగులు దాటి ఎవరు లాగినా నీళ్ళు రావన్నావుగా? మరి ఆ కొసాకు దాహమేస్తే?"

పిల్ల పైకొచ్చి చెట్టును చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ చెట్టు కిందినుంచి వెళ్తున్నాం ముగ్గురం. "తెలీదు మామయ్యా," అంది చివరికి. "వేళ్ళు, గొట్టాలు అని చదివాను గానీ, ఇలా ఎప్పుడూ అడగలేదు నేను. అది కాలేజీలో చెబుతారేమో."

"అయితే పోయి కనుక్కో," అన్నాడు. అంతవరకు సీటు మీద ఆశ దాని ఒక్కదానిదే. ఆ పూట నుంచి ఆయనది కూడా అయింది. మిగిలిన ఆరు రోజులూ షాపులో సుత్తి చప్పుడు వినబడలేదు. వచ్చిన రిపేర్లన్నీ బయట వీధిలో చేశాడు, పిల్లకు అడ్డం రాకుండా.

పరీక్ష రోజు గేటు బయట ఇద్దరం నిలబడ్డాం. బయటికి రాగానే ఈయన, "పంపు గురించి అడిగాడా?" అన్నాడు.

"లేదు. బారోమీటరును కొండ మీదికి తీసుకెళితే పాదరసం ఎక్కుతుందా దిగుతుందా అని అడిగాడు. అత్తయ్య మోకాలు గుర్తొచ్చింది. కొండ మీద పైన గాలి తక్కువ, తోసేది తక్కువ. దిగుతుందని పెట్టాను."

"నా మోకాలు ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చింది," అన్నాను. ముగ్గురం నవ్వాం గానీ, ఫలితాలు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

భౌతికశాస్త్రంలో నలభైకి ముప్పై మూడు. సీటొచ్చింది. మా ఆయన అరవలేదు, గంతులేయలేదు. ఎర్ర రంగు డబ్బా తెచ్చి, స్టూలెక్కి, వాళ్ళ నాన్న రాత కింద ఇంకో వరస రాశాడు. ‘పాతిక అడుగులు దాటితే నన్ను అడగొద్దు’ కింద, ‘గాలిని అడగండి’ అని. వచ్చినవాళ్ళు అదేంటని అడుగుతారు. అడిగినవాడు అరగంటకు గానీ బయటపడడు. ఈయన బొటనవేలి గోరు నుంచి మొదలుపెడతాడు మరి.

పిల్ల హాస్టలుకు వెళ్ళిపోయింది. మట్టి మూటల్లో నాలుగు తీసుకెళ్ళింది, మిగతావి కిటికీలోనే ఉన్నాయి. నా కాయిళ్ళ లెక్క ఇప్పుడు తప్పడం లేదు. తప్పితే బాగుండునని అనిపిస్తుంది.

మూడు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేసింది. "అత్తయ్యా, స్పీకరు పెట్టు. మామయ్య వినాలి." ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. ఏమైందోనని కంగారుపడ్డాను.

"మామయ్యా, కనుక్కున్నాను. ఆ చెట్టు సంగతి. ఆకుల మీద ఎండ పడితే నీళ్ళు ఆవిరైపోతాయి కదా. పోయిన నీటి వెనక నీళ్ళు, దాని వెనక నీళ్ళు, వేళ్ళ దాకా ఒకటే దారంలా ఉంటాయి. వెంట్రుక కన్నా సన్నటి గొట్టాల్లో. అంత సన్నటి చోట నీళ్ళు ఒకదాన్నొకటి వదలవు, బుడగ పుట్టనివ్వవు. పై నీళ్ళు పోతుంటే కింది నీళ్ళను లాక్కుంటాయి. మామయ్యా, అది గాలి తోసేది కాదు. చెట్టు నిజంగా లాగుతుంది. వంద అడుగులైనా లాగుతుంది."

ఈయన చేతిలో పని పక్కన పెట్టి ఫోను దగ్గరికి జరిగాడు.

"వింటున్నావా? నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు. చోటు మారిందంతే."

ఫోన్ నా చేతిలో ఉండగానే ఆయన చెప్పులేసుకుని వీధిలోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. కట్టెల డిపో గేటు తీసి ఉంది. నేరుగా ఆ నీలగిరి చెట్టు దగ్గరికి పోయి మాను మీద రెండు చేతులూ ఆనించాడు. వేడెక్కిన మోటారును చేత్తో పట్టి చూస్తాడే, అలా. చెవి ఆనించి విన్నాడు. తర్వాత తల పైకెత్తి, డెబ్బై అడుగుల మీద ఎండలో మెరుస్తున్న కొసాకుల్ని చూశాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"చప్పుడే లేదే," అన్నాడు నా వైపు చూడకుండా. "దీనికి ఫుట్‌వాల్వు కూడా లేదే!"